ఆవ మొక్కలు నాటితే నేలలో సీసం పోదు

పొద్దుతిరుగుడు వేయండి, ఆవాలు చల్లండి, నేలలోని విషలోహాలను మొక్కలే పీల్చేసుకుంటాయి అనే మాట కొన్నేళ్లుగా పత్రికల్లో, వ్యవసాయ సదస్సుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. వినడానికి హాయిగా ఉంటుంది. ఖర్చు తక్కువ, పొలం పచ్చగా కనబడుతుంది, మట్టిని పాడుచేసినవాణ్ణి నిలదీయాల్సిన పనీ ఉండదు. ఈ మాటను నమ్మి కాలం పోగొట్టుకోవద్దని చెప్పడానికే ఈ వ్యాసం. సీసం విషయంలో ఇది అబద్ధమని ఒక్క లెక్కతో తేలిపోతుంది.

ఎకరా నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 8 లక్షల కిలోలు తూగుతుంది. అందులో కిలోకు 1000 మిల్లీగ్రాముల సీసం ఉందనుకుందాం. పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించిన చోట్ల ఇదేమీ పెద్ద అంకె కాదు. దాన్ని 400కు దించాలంటే ఆ ఎకరాలోంచి 480 కిలోల సీసం బయటికి రావాలి. ఆవ పంట బ్రహ్మాండంగా పండి ఎకరాకు 4 టన్నుల ఎండు మొక్క వచ్చిందనుకుందాం. కిలో ఎండు మొక్కలో 100 మిల్లీగ్రాముల సీసం చేరిందనీ అనుకుందాం. మామూలుగా అంత చేరదు, అయినా ఉదారంగానే లెక్కేద్దాం. పంటకు 400 గ్రాములు, ఏడాదికి రెండు పంటలు వేస్తే 800 గ్రాములు. 480 కిలోలు పోవడానికి 600 ఏళ్లు పడుతుంది.

ఎందుకింత తక్కువంటే, సీసం మట్టిలో బంకరేణువులకు, సేంద్రియ పదార్థానికి, ఫాస్ఫేటుకు గట్టిగా అతుక్కుపోతుంది. వేరు వరకు వచ్చిన కాస్తా వేరులోనే ఆగిపోతుంది, కాండంలోకి ఎక్కదు. 1990లలో దీనికి ఈడీటీఏ అనే రసాయనాన్ని మందుగా వాడి చూశారు. మట్టిని పట్టుకున్న సీసాన్ని అది కరిగించి నీటిలోకి తెస్తుంది, మొక్క ఎక్కువ తీసుకుంటుంది. ప్రయోగశాల కుండీలో బాగానే పనిచేసింది. పొలంలో మాత్రం మొక్క తాగగలిగిన దానికంటే ఎన్నో రెట్లు సీసం కరుగుతుంది, మిగిలినదంతా వానతోపాటు కిందికి దిగుతుంది. ఈడీటీఏ మట్టిలో త్వరగా విరిగిపోదు కూడా. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానల్లో ఈ పని చేస్తే పై అడుగులో ఉన్న విషాన్ని మన చేతులతోనే బోరుబావిలోకి పంపినట్టవుతుంది. ఎవరైనా ఈ మందు అమ్మజూపితే కచ్చితంగా వద్దనండి.

మొక్కలు అసలు పనికిరావని కాదు. ఆర్సెనిక్ విషయంలో టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ మొక్క నిజంగానే అద్భుతం. అది ఆర్సెనిక్‌ను అసాధారణంగా పోగుచేస్తుందని 2001లో ప్రపంచానికి తెలిసింది. ఎకరాకు 2 టన్నుల ఎండు ఆకు, కిలోకు 2000 మిల్లీగ్రాములు వేసుకుంటే ఏడాదికి 4 కిలోల ఆర్సెనిక్ బయటికొస్తుంది. కిలో మట్టికి 50 మిల్లీగ్రాములు తగ్గించాలంటే 40 కిలోలు తీయాలి. అంటే పదేళ్లు. ఏటేటా అందుబాటు తగ్గుతూ పోతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. కాడ్మియం కొద్దిపాటిగా, కిలోకు రెండు మూడు మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట సెడమ్ అనే మొక్కలోని కొన్ని జాతులతోనూ ఇలాంటి లెక్కే కుదురుతుంది. ఆ పదేళ్లూ ఆ నేలలో తిండి పండించకూడదు. కోసిన ఆకును పశువులకు వేయకూడదు, కంపోస్టులో కలపకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. అది ప్రమాదకర వ్యర్థం కింద లెక్క. దాన్ని దుండిగల్‌లోనో పరవాడలోనో ఉన్న ప్రత్యేక కేంద్రానికే చేర్చాలి. కోత తర్వాత ఆకు ఎక్కడికి వెళ్తుందో రాసిపెట్టని పథకం ఏదైనా విషాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చే పథకమే.

లోహం కుళ్లదు, కాలదు, ఆవిరైపోదు. ఒక్క పాదరసమే కొంత ఆవిరవుతుంది, అది ఇంకా ప్రమాదం. కాబట్టి చేయగలిగినవి నాలుగే: తవ్వి తీసేయడం, కప్పేయడం, మట్టిలో మందు కలిపి కదలకుండా బంధించడం, మొక్కలతో మెల్లగా లాగడం. తవ్వి తీయడమంటే ఎకరాకు 800 టన్నులు, పెద్ద టిప్పర్లలో యాభై లోడ్లు. ఆపైన అంత విషమట్టిని తీసుకునే చోటు కావాలి, దాని స్థానంలో పోయడానికి అన్ని లోడ్ల మంచి మట్టి కావాలి. బ్యాటరీ కొలిమి ఉన్న నాలుగు గుంటల స్థలానికి అది తగిన పనే. నలభై ఎకరాల ఆయకట్టుకు కాదు. పొలాలకు నిజంగా మిగిలేవి కప్పడం, బంధించడం. వీటిని రెండో రకం పరిష్కారాలుగా చూసే అలవాటు మనకుంది. నా దృష్టిలో నిజాయితీ గల పరిష్కారాలు ఇవే.

జపాన్‌లోని తొయామాలో జరిగింది చూడండి. జింజు నది ఎగువన కమియోకా గనినుంచి కాడ్మియం కొట్టుకొచ్చి వరిపొలాల్లో చేరింది. ఎముకలు పెళుసెక్కి విరిగే ఇతాయ్-ఇతాయ్ వ్యాధిని 1968లో ప్రభుత్వం కాలుష్యం వల్ల వచ్చిన వ్యాధిగా గుర్తించింది. బాధితులు కోర్టులో గెలిచాక, 1972లో గని యజమాని మిత్సుయి సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నారు. స్థానికులు, వాళ్లు పిలిచిన శాస్త్రవేత్తలు ఎప్పుడైనా గనిలోకి వెళ్లి తనిఖీ చేయొచ్చు, ఖర్చు కంపెనీదే. ఈ తనిఖీలు ఏటా సాగాయి, నదిలో కాడ్మియం సహజస్థాయికి దిగింది. పొలాల పని 1979లో మొదలై 2012లో ముగిసింది. 863 హెక్టార్లకు దాదాపు 4,070 కోట్ల యెన్లు ఖర్చయింది. అక్కడ ఆవ మొక్కలు నాటలేదు. విషమట్టిని అదే పొలంలో లోతుగా పూడ్చి, పైన గట్టిగా అణిచిన పొర వేసి, ఆపైన కొండమట్టి పరిచారు. వరివేరు, నాగలి ఆ గట్టిపొర దాటి కిందికి పోకూడదన్నది ఉద్దేశం. ఆ 33 ఏళ్ల పని నిలబడిందంటే అందుకు ఎగువన విషం ఆగిపోవడమే మొదటి కారణం. మూసీ దిగువన నగరం మురుగునీరే పారే గడ్డిపొలాలకు మట్టిమందు వేయమని చెప్పడంలో అర్థం లేకపోవడానికీ కారణం అదే. నీళ్లు మారకుండా మట్టి మారదు.

ఇక పరీక్ష. మన భూసార కార్డులో 12 అంశాలుంటాయి: పీహెచ్, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్. సీసం లేదు, కాడ్మియం లేదు, ఆర్సెనిక్ లేదు, క్రోమియం లేదు. కార్డు బాగుందంటే నేల విషరహితమని కాదు. ఈ లోహాలను విడిగా అడగాలి. ఆమ్లంలో కరిగించి ఐసీపీ లేదా ఏఏఎస్ యంత్రంతో మొత్తం లోహాన్ని కొలవమనాలి, దాంతోపాటు డీటీపీఏ పద్ధతిలో మొక్కకు అందే భాగాన్నీ కొలవమనాలి. రెండు అంకెలూ చేతిలో లేకుండా మందు నిర్ణయించలేం. మొత్తం ఎక్కువ, అందేది తక్కువ అయితే పంటకు ముప్పు తక్కువ, కానీ దుమ్ములో ఆడే పిల్లలకు ముప్పు అంతే. క్రోమియం అయితే ఆరు వేలెన్సీ రూపాన్ని, అంటే నీటిలో కదిలే విషరూపాన్ని, క్షార పద్ధతిలో వేరుగా కొలవమని రాసివ్వాలి. మొత్తం క్రోమియం అంకె ఒక్కటీ ఏమీ చెప్పదు.

తుపాకీలా ఉండే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరంతో పొలంలోనే రెండు నిమిషాల్లో చూస్తామనే ఏజెన్సీలు ఉన్నాయి. సీసం ఎక్కడెక్కడ ఉందో వెతకడానికి అది మంచిదే. మట్టి తడిగా ఉంటే అంకె తగ్గించి చూపిస్తుంది, పంటకు ముఖ్యమైన స్థాయిలో ఉన్న కాడ్మియం దానికి కనబడదు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏమిటంటే సీసం, ఆర్సెనిక్ సంకేతాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. సీసం బాగా ఉన్నచోట ఆర్సెనిక్ ఉందో లేదో ఆ పరికరం నమ్మకంగా చెప్పలేదు. ఇది ఎందుకు ముఖ్యమో ముందుముందు తెలుస్తుంది.

నమూనా తీయడంలోనే సగం తప్పులు జరుగుతాయి. పొలానికి పై పొర తుడిచి, 15 సెంటీమీటర్ల లోతున వి ఆకారంలో గుంట తీసి, అంచునుంచి రెండు వేళ్ల మందం చెక్కాలి. జింకుపూత రేకు పనిముట్లు వద్దు. ఎకరాకు పది పదిహేను చోట్ల తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు వదిలేస్తూ అరకిలోకు తేవాలి. కానీ అనుమానం ఉన్న మూలను మంచి మట్టితో కలపొద్దు. కాలువ నీరు మొదట తగిలే మడి, కంపెనీ గోడవైపు గట్టు, కుప్ప పోసిన చోటు, వీటిని విడివిడి కవర్లలోనే పంపాలి. కలిపితే సగటు వచ్చి విషం మాయమవుతుంది. ఇంటి ఆవరణ అయితే లోతు అక్కర్లేదు, పై రెండు మూడు సెంటీమీటర్లే తీయాలి. పిల్లల చేతికి అంటేది అదే. కళ్లతో చూసేవీ కొన్నున్నాయి. బ్యాటరీ కొలిమి నడిచిన చోట మట్టిలో నల్లటి ప్లాస్టిక్ పెంకులు, చేతిలోకి తీసుకుంటే ఊహించనంత బరువుండే బూడిదరంగు చిట్టెం ముక్కలు దొరుకుతాయి. క్రోమియం వ్యర్థాలు పోసిన చోట వాన వెలిసి ఎండ కాసిన రెండో రోజున గట్ల మీద పసుపుపచ్చని పొర తేలుతుంది. దాన్ని చేత్తో ముట్టుకోవద్దు.

అసలు విషయానికొద్దాం. ఏ లోహమో తెలియకుండా మట్టికి ఏ మందు వేసినా, ఒకదాన్ని బంధించబోయి ఇంకోదాన్ని వదిలేస్తాం.

సీసానికి ఫాస్ఫేట్ మందు. రెండూ కలిసి పైరోమార్ఫైట్ అనే దాదాపు కరగని ఖనిజం అవుతుంది. అమెరికాలో వెస్ట్ ఓక్లాండ్ ఇళ్ల పెరళ్లలో 2011లో చేప ఎముకల పొడి కలిపింది ఇందుకే. ఒక సెంటు పెరట్లో 15 సెంటీమీటర్ల లోతున 8 టన్నుల మట్టి ఉంటుంది. కిలోకు 500 మిల్లీగ్రాములంటే 4 కిలోల సీసం. లెక్క ప్రకారం దానికి 360 గ్రాముల భాస్వరం చాలు, కానీ మట్టిలో కాల్షియం, ఇనుము కూడా దాన్ని లాక్కుంటాయి కాబట్టి నాలుగైదు రెట్లు వేయాలి. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో భాస్వరం 7 శాతం. అంటే సెంటుకు 20 నుంచి 25 కిలోలు. బాగా కలిపి, కొన్ని వారాలు తడి ఆరకుండా ఉంచాలి. ఎముకల పొడి చౌకగా దొరికినా పీహెచ్ 7 దాటిన నల్లరేగడిలో అది కరగదు, కాబట్టి పనిచేయదు. ఇదే మోతాదు పొలానికి వేస్తే ఎకరాకు 2 టన్నుల పైమాటే. వాన కొడితే ఆ భాస్వరం చెరువులోకి పోయి నాచు పట్టిస్తుంది, పంటకు జింకు అందదు. ఇది పెరటి వైద్యం, పొలం వైద్యం కాదు.

ఆర్సెనిక్ ఉంటే ఈ ఫాస్ఫేటే శత్రువు. రెండిటి రసాయన స్వభావం ఒకటే కావడంతో, మట్టిరేణువు మీద ఆర్సెనిక్ కూర్చున్న చోటును ఫాస్ఫేట్ ఆక్రమించి దాన్ని నీటిలోకి నెట్టేస్తుంది. బ్యాటరీ పలకల సీసంలో గట్టిదనం కోసం ఆంటిమొనీ, ఆర్సెనిక్ కలుపుతారు. అంటే సీసం ఉన్న బ్యాటరీ స్థలంలోనే ఆర్సెనిక్ కూడా ఉండే అవకాశం ఎక్కువ. ఎక్స్‌ఆర్‌ఎఫ్ మాట నమ్మి ఫాస్ఫేట్ వేస్తే జరిగే నష్టం ఇదే. ఆర్సెనిక్‌ను పట్టేది ఇనుము. నేల ఆరుతూ, గాలి ఆడుతూ ఉంటే ఇనుపతుప్పు దాన్ని పట్టుకునే ఉంచుతుంది. వారాల తరబడి నీళ్లు నిలిపితే ఆ తుప్పు కరిగి ఆర్సెనిక్ వరిగింజకెక్కుతుంది.

కాడ్మియం సరిగ్గా దీనికి తలకిందులు. నీళ్లు నిలిస్తే గంధకంతో కలిసి బంధమవుతుంది, ఆరితే విడుదలవుతుంది. జపాన్ రైతులు వెన్ను తీయడానికి మూడు వారాల ముందు నుంచి మూడు వారాల తర్వాత దాకా మడిలో నీళ్లు ఉంచేది అందుకే. ఆర్సెనిక్, కాడ్మియం రెండూ ఉన్న మడిలో ఏ నీటి పద్ధతీ పూర్తిగా మంచిది కాదు. అక్కడ వరి మానడమే దారి. కాడ్మియానికి రెండో మందు సున్నం, కానీ అందరికీ కాదు. ఎర్ర చెలకల్లో పీహెచ్ 5.5 ఉంటే పరీక్షలో చెప్పిన మోతాదు సున్నపురాయి పొడి వేసి 6.5, 7 మధ్యకు తెస్తే మొక్కకు అందే కాడ్మియం బాగా తగ్గుతుంది. నల్లరేగడి పీహెచ్ ఇప్పటికే 8 దగ్గర ఉంటుంది, సున్నం గుళికలు మట్టిలోనే కనబడతాయి. అక్కడ సున్నం వేస్తే డబ్బు దండగ, పైగా ఆర్సెనిక్, క్రోమియం ఉంటే అవి కదులుతాయి. సున్నం పేరుతో చౌకగా వచ్చే ఉక్కు చిట్టెం పొడిని, కొలిమి బూడిదను పరీక్ష లేకుండా తీసుకోవద్దు. జింకు లోపం ఉన్న పొలంలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయడం కూడా ఉపయోగమే, ఎందుకంటే వేరు దగ్గర కాడ్మియంతో పోటీపడేది జింకే. అయితే బిల్లు, బ్యాచి నంబరు ఉన్న సరుకే కొనాలి. కల్తీ జింకులో కాడ్మియమే ఉండొచ్చు.

ఆరు వేలెన్సీ క్రోమియానికి మందు అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్. క్రోమియాన్ని అది మూడు వేలెన్సీకి దించుతుంది, అప్పుడు కదలదు, విషమూ చాలా తగ్గుతుంది. కిలో క్రోమియానికి లెక్క ప్రకారం 16 కిలోల అన్నభేది కావాలి. మట్టిలో రెండు మూడు రెట్లు పడుతుంది. ఎకరాలో కిలో మట్టికి 20 మిల్లీగ్రాములుంటే మొత్తం 16 కిలోల క్రోమియం, దానికి 500 నుంచి 750 కిలోల అన్నభేది. లేత ఆకుపచ్చగా ఉన్న పలుకులే కొనాలి. గోధుమరంగుకు తిరిగిందంటే గాలికి తుప్పు పట్టింది, క్రోమియం మీద దానికి బలం లేదు. నీటిలో కలిపిన రోజే చల్లి కలియదున్నాలి. వెంటనే ఎకరాకు నాలుగైదు టన్నుల మాగిన పశువుల ఎరువు కలిపి తడిగా ఉంచితే సూక్ష్మజీవులు మిగతా పని చేస్తాయి. మాంగనీస్ ఎక్కువగా ఉన్న నేలలో కొంత క్రోమియం మళ్లీ ఆరు వేలెన్సీకి మారొచ్చు. కాబట్టి వేసవి తర్వాత మళ్లీ కొలవాలి.

ఇళ్ల మధ్య సీసం ఉంటే పంట గురించి కాదు, పిల్లల గురించి ముందు ఆలోచించాలి. నైజీరియాలోని జంఫారాలో 2010లో, బంగారు ఖనిజాన్ని ఇళ్ల దగ్గరే దంచడం వల్ల సీసం దుమ్ము పట్టి 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. అక్కడ వైద్యబృందం పెట్టుకున్న నియమం గుర్తుంచుకోదగ్గది: ఇంటి ఆవరణ శుభ్రమయ్యాకే పిల్లవాడికి మందు. లేకపోతే మందుతో ఒంట్లోంచి తీసిన సీసం మరుసటి వారానికి మళ్లీ ఒంట్లో చేరుతుంది. ఊరివాళ్లే పారలతో పై మట్టి గీకి తీసి, పూడ్చి, మంచి మట్టి పరిచారు. మన బస్తీల్లోనూ ఇదే చేయొచ్చు. పని మొదలుపెట్టే ముందు నేల తడపాలి, పొడిగా గీకితే దుమ్ము ఇంట్లోకే వస్తుంది. తీసినదాన్ని పక్క ఖాళీ స్థలంలో పోయకూడదు. తవ్వలేని చోట పాత మట్టి మీద రంగు షేడ్‌నెట్ పరిచి, ఆపైన అడుగు మందం మంచి మట్టి పోసి గడ్డి నాటాలి. రేపెవరైనా తవ్వితే ఆ వల తగిలి ఆగుతారు.

బంధించిన నేలలో ఏం పండించాలన్నది కూడా మందులో భాగమే. తోటకూర, పాలకూర, గోంగూర, ముల్లంగి, క్యారట్ వద్దు. బెండ, బీర, సొర, టమాటా, చిక్కుడు, మామిడి కాయల్లోకి లోహం చాలా తక్కువ వెళ్తుంది. ఆకుకూర మీది సీసంలో ఎక్కువభాగం వానకు ఎగిరిపడిన మట్టిదే. నేల మీద వరిగడ్డి పరిచి, కూరను మూడు నీళ్లలో కడిగితే అది బాగా తగ్గుతుంది. కాడ్మియం మాత్రం కణజాలంలోనే ఉంటుంది, కడిగితే పోదు. పొగాకు కాడ్మియాన్ని ఆకులోకి బాగా లాగుతుంది, అలాంటి నేలలో దాన్ని వేయనే వద్దు.

మంచి మట్టి అంటే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది చెరువు పూడిక. మిషన్ కాకతీయ మొదలైన 2015 నుంచి లక్షలాది ట్రాక్టర్ల పూడిక పొలాలకెక్కింది. చాలా చెరువులకు అది వరమే. కానీ పటాన్‌చెరు, కాటేదాన్ లాంటి పారిశ్రామికవాడల నీరు దిగే చెరువుల అడుగున ఉండే మట్టి ఆ వాడల నుంచి కొట్టుకొచ్చిన లోహాల గోదాము. అలాంటి చెరువు పూడికను పరీక్ష లేకుండా తోలడమంటే ఉన్న విషాన్ని ఊరంతా పంచడమే. చెరువుకు మూడు చోట్ల, మూడు లోతుల్లో తొమ్మిది నమూనాలు తీయిస్తే అయ్యే ఖర్చు తోలే డీజిల్‌తో పోలిస్తే ఏపాటిది?

బంధించిన లోహం నేలలోనే ఉంటుంది. ఏటా యూరియా, అమ్మోనియం సల్ఫేట్ వేస్తుంటే చెలకల పీహెచ్ మళ్లీ దిగుతుంది, కాడ్మియం మళ్లీ లేస్తుంది. రెండేళ్లకోసారి పీహెచ్, డీటీపీఏ పరీక్ష తప్పదు. పొలం చేతులు మారితే, లేఅవుట్ అయితే, కొత్త యజమానికి ఇదంతా ఎవరు చెబుతారు? కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో మొదటిసారి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అనుమానిత స్థలాల వివరాలను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి రాష్ట్రానికి పంపాలి. గ్రామసభ తీర్మానంతో, పరీక్ష కాగితాలతో మీ సర్వే నంబరును ఆ జాబితాలో చేర్చమని కలెక్టరేటుకు రాయండి. చికిత్స జరిగిన ప్రతి సర్వే నంబరు రికార్డులో నాలుగు వివరాలు ఎక్కాలని పట్టుబట్టండి: ఏ లోహం ఎంత, ఏ లోతున పూడ్చారు, ఏ మందు ఎంత వేశారు, మళ్లీ పరీక్ష ఎప్పుడు. భూమి కొనేవాళ్లు ఈసీతోపాటు ఈ నాలుగూ అడగాలి.